మనోడేనా?

మా ఊళ్లో టీ కొట్లు రెండు. రెండింటికీ పాలు ఒకే కేంద్రం నుంచి వస్తాయి. టీ పొడి ఒకే షావుకారు దగ్గర కొంటారు. చక్కెర ఒకళ్లకంటే ఒకళ్లు ఎక్కువే వేస్తారు. రుచిలో తేడా చెప్పమంటే ఎవడి వల్లా కాదు. కానీ బస్టాపు దగ్గర కొట్లో కూర్చునేవాడు రామాలయం పక్క కొట్లో గుక్కెడు టీ తాగడు. తాగాడంటే పొద్దుగూకే లోపల ఊరంతా పాకిపోతుంది, ఫలానావాడు పార్టీ మారుతున్నాడంట అని. కొత్తవాడికి కూడా ఏ కొట్టు ఎవరిదో బల్ల మీది పేపరు చూస్తే తెలిసిపోతుంది. ఒకచోట సాక్షి, ఇంకోచోట ఈనాడు, ఆంధ్రజ్యోతి. మంగలి షాపులూ రెండే. ఆరెంపీ డాక్టరు మాత్రం ఒక్కడే. ఎన్నికల నెలలో ఆయన పాపం ఎవరింటికి సూదెయ్యడానికెళ్లినా రెండోవాళ్లకు సంజాయిషీ చెప్పుకోవాలి.

గురజాల దగ్గరి పల్లె అది. నేను నరసరావుపేటకొచ్చి పురుగుమందుల కొట్టు పెట్టుకుని చాలా ఏళ్లయింది. నా ఖాతా పుస్తకంలో రెండు పార్టీల రైతులూ పక్కపక్క పేజీల్లో ఉంటారు. అప్పు దగ్గర అందరూ ఒకటే. అయినా నేను పార్టీ మనిషినే, దాచుకునేదేం లేదు. సైకిలు. ఊరెళితే కాళ్లు వాటంతటవే రామాలయం వైపు నడుస్తాయి.

వార్త ఏదొచ్చినా మా బల్ల మీద ముందు లేచే ప్రశ్న, "మనోడేనా?" ఎస్సై బదిలీ అయ్యాడంటే, వచ్చేవాడు మనోడేనా? కాంట్రాక్టరు పనాపేశాడంటే, వాడు మనోడేనా? ఎక్కడో మనిషిని నరికారంటే, పోయినవాడు మనోడేనా, నరికినవాడు మనోడేనా? జవాబు తెలిసేదాకా కోపం తెచ్చుకోవాలో జాలిపడాలో అర్థంకాక ముఖం ఖాళీగా పెట్టుకుని నిలబడతాం. జవాబు తెలిశాక ఇక చూడాలి మమ్మల్ని.

2012 మే 27న సీబీఐ జగన్‌ను అరెస్టు చేసిన సాయంత్రం మా కొట్టు దగ్గర లడ్లు పంచారు. చట్టం తన పని తాను చేసుకుపోతోంది అన్నాం. బస్టాపు కొట్టువాళ్లు, ఇది కక్ష అన్నారు. 2023 సెప్టెంబరు 9న, ఇంకా తెల్లారకముందే, నంద్యాలలో సీఐడీ చంద్రబాబును పట్టుకెళ్లింది. ఈసారి లడ్లు బస్టాపు దగ్గర. చట్టం తన పని తాను చేసుకుపోతోందని వాళ్లన్నారు, కక్ష అని మేమన్నాం. ఆయన చంచల్‌గూడలో పదహారు నెలలు, ఈయన రాజమండ్రిలో యాభై రెండు రోజులు. ఏ కేసు కాగితం ఏ బల్ల మీదా ఎవడూ చదవలేదు. డైలాగులు అవే, చెప్పే బల్లలు మారాయి, అంతే. ఇంత తెలిసీ, 2023లో నాకొచ్చిన కోపం మాత్రం ఉత్తుత్తి కోపం కాదు. రాజమండ్రి జైలు గేటును టీవీలో చూసినప్పుడల్లా ఒళ్లు మండిపోయేది. తెలివిడి ఒకపక్క, కడుపుమంట ఒకపక్క. ఒకదానికి ఒకటి అడ్డురావు.

ఇది నేను ఏరి కోరి ఎంచుకున్నదేం కాదు. మా ఇంట్లో పార్టీ ఇంటిపేరులాగా వస్తుంది. మా తాత కాసు బ్రహ్మానందరెడ్డిగారి మనిషి. 1964 నుంచి 1971 దాకా ఆయన ముఖ్యమంత్రి. ముఖ్యమంత్రి మనోడే అని నరసరావుపేట చుట్టుపక్కల పల్లెలు ఛాతీ విరుచుకున్న కాలం అది. ఆ రోజుల్లోనే, 1969లో, రాష్ట్రపతి ఎన్నికొచ్చింది. కాంగ్రెస్ నిలబెట్టింది నీలం సంజీవరెడ్డిని. ఇందిరమ్మ మనసులో ఉన్నది వి.వి.గిరి. అంతరాత్మ చెప్పినట్టు ఓటెయ్యమని ఆమె తనవాళ్లకు పిలుపిచ్చింది, సొంత పార్టీ అభ్యర్థి ఓడిపోయాడు. మామూలు జనానికి ఓటు లేని ఎన్నిక అది, వేసేది ఎంపీలూ ఎమ్మెల్యేలే. అయినా మా తాత చాలా అవస్థ పడ్డాడని నాన్న చెప్పేవాడు. ఇద్దరూ తెలుగువాళ్లే, ఇద్దరూ కాంగ్రెస్‌లో పెరిగినవాళ్లే. "ఇద్దరూ మనోళ్లే అయితే ఇంక మనం ఎవర్ని తిట్టాల్రా?" అనేవాడట. ఆ అంతరాత్మ సౌకర్యం కూడా పెద్దవాళ్లకే గానీ, మా బోటివాళ్లను ఈ యాభై ఏళ్లలో ఎవరూ దాని మాట వినమని అడిగిన పాపాన పోలేదు.

తాత కష్టాలు అక్కడితో తీరలేదు. 1978లో ఇందిరమ్మ వేరు కుంపటి పెట్టుకుంటే బ్రహ్మానందరెడ్డిగారు అవతలి కాంగ్రెస్‌కు పెద్దగా మిగిలారు. రెడ్డి కాంగ్రెస్ అన్నారు దాన్ని. రాష్ట్రం మాత్రం కొత్తగా వచ్చిన హస్తం గుర్తుకు పడింది. తాత కాసువారి వెంట ఉండి ఓడాడు. ఆ ఓటమి మరిచిపోకముందే ఇంట్లోనే ఇంకో చీలిక. 1982 మార్చి 29న పార్టీ పెట్టిన ఎన్టీఆర్ 1983 జనవరికల్లా గద్దెనెక్కాడు. పేటలో వైద్యం చేసుకుంటున్న కోడెల శివప్రసాదరావు ఎమ్మెల్యే అయ్యాడు. మా నాన్న ఓటు సైకిలుకి. ఆ సంక్రాంతికి తాత మా ఇంట్లో అరిసె ముక్క ముట్టలేదు.

1984 ఆగస్టులో ఎన్టీఆర్‌ను దించేసి నాదెండ్ల భాస్కరరావును కూర్చోబెట్టినప్పుడు నాన్న పొలం పనులు గాలికొదిలి ఊరేగింపుల వెంట తిరిగాడు. నెల తిరిగేసరికి ఎన్టీఆర్ మళ్లీ ముఖ్యమంత్రి. అది మా ఇంట్లో ఇప్పటికీ పండగలాగా చెప్పుకునే కథ. 1995 ఆగస్టు కథ మాత్రం ఎవరం చెప్పుకోం. చంద్రబాబు పక్క చేరిన ఎమ్మెల్యేలు వైస్రాయ్ హోటల్లో ఉన్న ఆ రోజుల్లో నాన్న రేడియో ముందు కూర్చుని ఒక్క మాటా మాట్లాడలేదు. ఎన్టీఆర్‌ను దేవుడన్న మనిషి, సెప్టెంబరు ఒకటిన చంద్రబాబు ప్రమాణస్వీకారం చేశాక ఎట్టా సర్దుకున్నాడో నాకు అంతుపట్టలేదు. చాలా రోజుల తర్వాత గొడ్లకు మేత వేస్తూ తనే అన్నాడు: "ఎమ్మెల్యేలు ఎటుంటే పార్టీ అటు. పార్టీ ఎటుంటే మనం అటు." అంతరాత్మ ప్రసక్తి అందులో ఎక్కడా లేదు.

ఆ సూత్రం నాకు 2024లో బాగా పనికొచ్చింది. మార్చి 16న షెడ్యూలు వచ్చింది, మర్నాడే మన చిలకలూరిపేట దగ్గర బొప్పూడిలో ప్రజాగళం సభ. మోదీ, చంద్రబాబు, పవన్ కల్యాణ్ కూటమిగా ఒకే వేదిక మీద. నేనూ వెళ్లాను. మైకు మాటిమాటికీ మొరాయించింది. కుర్రాళ్లు లైట్ల టవర్లెక్కితే పవన్ మాట్లాడుతున్నవాడల్లా ఆగాల్సి వచ్చింది, మోదీయే లేచి, దిగండి నాయనా అని బతిమాలాడు. ఆ జనంలో నిలబడి నేను గొంతు చించుకుని అరుస్తున్నాను. ఐదేళ్ల కిందట, 2019 ఎన్నికలప్పుడు, ఇదే గొంతుతో ఇదే మోదీని ప్రత్యేక హోదా విషయంలో ఎన్ని మాటలన్నానో నా పక్కనున్న మా బావకు తెలుసు, అతని మాటలు నాకు తెలుసు. ఒకరి ముఖాలు ఒకరం చూసుకోలేదు.

అంతకంటే కష్టమైన ముద్ద ఇంకోటుంది. 2019లో నరసరావుపేట ఎంపీగా వైసీపీ నుంచి గెలిచింది లావు శ్రీకృష్ణదేవరాయలు. ఓడింది మా రాయపాటి సాంబశివరావు. ఆ ఎన్నికలో దేవరాయలును ఓడించాలని ఊరూరా తిరిగిన జీపులో నేనూ ఉన్నాను. 2024లో ఆయనే కండువా మార్చి మా అభ్యర్థి అయితే, ఆయన్ను గెలిపించమని తిరిగిన జీపులోనూ నేనే ఉన్నాను. లక్షన్నర పైచిలుకు మెజారిటీ వచ్చింది. మనిషి మంచివాడే, ఆ పేచీ లేదు. సత్తెనపల్లి సంగతి చూడండి. అక్కడ 2014లో గెలిచి స్పీకరైనవాడు కోడెల. ఆయన బతికినన్నాళ్లూ ఈ జిల్లాలో ఆయనకు ఎదురు నిలిచిన పెద్ద పేరు కన్నా లక్ష్మీనారాయణది. కాంగ్రెస్‌లో మంత్రిగా ఉన్నన్ని రోజులూ ఉప్పూ నిప్పూ. 2019 సెప్టెంబరులో కోడెల పోయారు. 2024లో అదే సత్తెనపల్లిలో అదే సైకిలు మీద కన్నా పోటీచేసి అంబటి రాంబాబు మీద గెలిచారు. కోడెల కోసం తల పగలగొట్టుకున్నవాళ్లు, కన్నా కోసం జెండా పట్టుకున్నారు. నాయకుడు కండువా మార్చినంత తేలిగ్గా మా ఊరివాడు టీ కొట్టు మార్చలేడు.

పల్నాడు రాజకీయం అనగానే టీవీవాళ్లు కారంపూడికి పరిగెత్తుతారు. పల్నాటి యుద్ధం, నాగులేరు, కోడిపందెం, నాగమ్మ, బ్రహ్మనాయుడు, ఎనిమిదొందల ఏళ్ల పగలు అని మొదలుపెడతారు. నాకు ఒళ్లు మండే విషయాల్లో ఇదొకటి. కార్తీక అమావాస్యకు కారంపూడిలో వీరుల తిరునాళ్ల చూస్తే తెలుస్తుంది, ఆయుధాలు కడిగి పూజచేసే ఆ జనంలో రెండు పార్టీలవాళ్లూ కలిసే ఉంటారు. రాళ్లు రువ్వుకునేది బాలచంద్రుడి కోసం కాదు. ప్రభుత్వం మారితే ఊళ్లో రేషన్ డీలరు మారతాడు. ఉపాధి పనుల ఫీల్డ్ అసిస్టెంటు మారతాడు. బళ్లో మధ్యాహ్నభోజనం వండే ఆమె కూడా మారుతుంది, పాపం ఆమె పప్పుచారు ఎంత బాగా చేసినా సరే. సిమెంటు రోడ్డు ముక్క ఎవరికి, మద్యం కొట్టు ఎవరికి, ఇసుక ఎవరికి అన్నది పైసంగతి. కింద ఊళ్లో ఒక పదిళ్ల పొయ్యి వెలగడం, ఆరడం ఓట్ల పెట్టెలో ఉంటుంది. కులం మాటెత్తలేదేం అంటారేమో. దానికి లోటు లేదు. కానీ మా ఊళ్లో ఒకే కులంలో, ఒకే గోడకు అటూ ఇటూ ఉన్న అన్నదమ్ములు చెరో టీ కొట్లో కూర్చుంటారు. ఆ గోడ ఎవరిదన్న తగాదా పార్టీల కంటే పాతది.

పోలింగు మే 13, సోమవారం. ముందు రెండ్రోజులూ హైదరాబాదు నుంచి వచ్చే కార్లతో బెజవాడ హైవే కిక్కిరిసింది. అమెరికా నుంచి టిక్కెట్లు కొనుక్కుని వచ్చినవాళ్లూ ఉన్నారు. రాష్ట్రం మొత్తం మీద 81 శాతం దాటింది ఓటింగు. కొన్ని బూతుల్లో అర్ధరాత్రి దాటినా క్యూ ఉంది. మాచర్ల, గురజాల, నరసరావుపేట వైపు ఎన్ని గొడవలు జరిగాయో దేశమంతా చూసింది. ఎన్నికల సంఘం పల్నాడు ఎస్పీని సస్పెండు చేసింది, కలెక్టరును బదిలీ చేసింది. 144 సెక్షను పెట్టారు. బాటిళ్లలో పెట్రోలు పోయొద్దని బంకులకు ఆర్డరు. స్ప్రేయరు ఇంజన్లలో పోసుకోవడానికి డబ్బా పట్టుకొచ్చిన రైతును బంకులో దొంగను చూసినట్టు చూశారు.

లెక్కింపు జూన్ 4న. నడుమ మూడు వారాలు. పార్టీ మనిషి జీవితంలో ఇంతకంటే నరకం లేదు, ఇంతకంటే మజా కూడా లేదు. ఓటేసేశాం, చెయ్యడానికేం లేదు, మాట్లాడ్డానికి మాత్రం అంతులేదు. ఆడవాళ్ల క్యూ పెద్దగా ఉంటే అది పథకాల ఓటని వాళ్లు, నిత్యావసరాల ధరల ఓటని మేము. హైదరాబాదు నుంచి వచ్చినవాడు ఖర్చు పెట్టుకుని వచ్చాడంటే మార్పు కోసమేనని మేము, వైసీపీ మీద ప్రేమతోనేనని వాళ్లు. మే 16న జగన్ తన ఎన్నికల వ్యూహాలు చూసే ఐప్యాక్ ఆఫీసుకెళ్లి ఈసారి 151 దాటుతున్నాం అన్నాడు. అన్న మర్నాడే లండన్ వెళ్లాడు. మా నాయకుడు అమెరికా వెళ్లాడు. పెద్దలిద్దరూ చల్లగా సముద్రాల అవతల ఉంటే, ఇక్కడ నలుగురం ఒకచోట నిలబడి మాట్లాడుకుంటే పోలీసు లాఠీ.

పందేలు మాత్రం ఏ సెక్షనుకూ ఆగలేదు. ప్రభుత్వం ఎవరిదని కొందరు, మాచర్ల ఎవరిదని కొందరు, పిఠాపురంలో పవన్ మెజారిటీ ఎంతని కొందరు. డబ్బు లేనివాడు ఎకరం రాసిస్తానన్నాడు. నా కొట్లో బాకీ తీర్చడానికి రూపాయి లేదని మార్చిలో మొహం వేలాడేసుకున్న పెద్దమనిషి మే నెలలో రెండు లక్షలు మధ్యవర్తి చేతిలో పెట్టాడు. జూన్ 1న ఎగ్జిట్ పోల్స్ వచ్చాయి. ఆరా మస్తాన్ వైసీపీకి 94 నుంచి 104 అన్నాడు. కేకే సర్వే కూటమికి 161 అంది. రామాలయం బల్ల మీద కేకే అంత మేధావి దేశంలో లేడు, బస్టాపు బల్ల మీద మస్తాన్‌ను మించిన నిజాయితీపరుడు లేడు. మూడ్రోజుల తర్వాత లెక్క తేలింది, సర్వే మేధస్సు గురించి ఒక బల్ల మీద చర్చ ఆగిపోయింది.

మధ్యలో ఒక వీడియో వచ్చింది. మే 21న. రెంటచింతల మండలం పాల్వాయిగేటు, 202వ పోలింగు కేంద్రం. మాచర్లలో నాలుగుసార్లు గెలిచిన వైసీపీ ఎమ్మెల్యే పిన్నెల్లి రామకృష్ణారెడ్డి లోపలికొచ్చి, ఓటు వేసే యంత్రాన్ని ఎత్తి నేలకేసి కొట్టాడు. గదిలో కెమెరా ఉంది. అది చూసిన రోజు మా ఊరి వాట్సాపు నాకు బాగా గుర్తు. అవతలివాళ్ల మాట మూడు మెట్లు దిగింది. పొద్దున, అది మార్ఫింగ్ వీడియో. మధ్యాహ్నానికి, మిగతా బూతుల వీడియోలు ఎందుకు బయటపెట్టరు? సాయంత్రానికి, అక్కడ రిగ్గింగు చేస్తుంటే చూస్తూ ఊరుకుంటాడా? మా పక్క ఏమైందో కూడా చెప్పాలి. మేం బయటికి ప్రజాస్వామ్యం ఖూనీ అయిందన్నాం. లోపల మాత్రం పండగ. ఆ యంత్రం పగిలినందుకు బాధపడ్డ మనిషి ఒక్కడు కూడా మా గ్రూపులో లేడు. మా వైపు నుంచి ఎగిరిన రాళ్ల వీడియోలు కూడా కొన్ని తిరిగాయి. వాటికి మేమూ ఆ మూడు మెట్లే దిగాం, అదే వరసలో. లెక్కింపు కేంద్రంలోకి వెళ్లొద్దని సుప్రీంకోర్టు పిన్నెల్లిని ఆపింది. ఆయన ముప్పై వేల పైచిలుకు ఓట్లతో జూలకంటి బ్రహ్మానందరెడ్డి చేతిలో ఓడారు, జూన్ 26న అరెస్టయ్యారు.

ఫలితాల రోజు నేను చేసిన గంతుల గురించి మా పిల్లలు ఇప్పటికీ ఎగతాళి చేస్తారు. 2019లో పల్నాడులో ఏడుకు ఏడు సీట్లూ వైసీపీవి. 2024లో ఏడుకు ఏడూ మావి. రాష్ట్రంలో 175కి 164 కూటమివి, వైసీపీకి 11. ఊరు ఊరంతా తిరగబడిందనుకున్నాం. తర్వాత ఒకరోజు బేరాల్లేక ఓట్ల శాతాల పట్టీ ముందేసుకుని కూర్చున్నాను. 2019లో 23 సీట్లతో కుప్పకూలినప్పుడు తెలుగుదేశానికి పడిన ఓట్లు 39.17 శాతం. 2024లో 11 సీట్లతో కుప్పకూలిన వైసీపీకి పడినవి 39.37 శాతం. అంటే ఓడినప్పుడు మేమెందరమో, ఓడినప్పుడు వాళ్లూ అందరే. పదిమందిలో నలుగురు. టీ కొట్లలో కూర్చున్నవాడు ఎవడూ లేవలేదు. సీట్లు ఇంతలా తారుమారైంది ఏ బల్ల మీదా కూర్చోనివాళ్ల వల్ల.

వాళ్లెవరో ఆలోచిస్తే నా కొట్లోనే కనపడ్డారు. ఎన్నికలకు ముందు ఒక రైతు పట్టాదారు పాసుపుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టాడు. అట్ట మీద ముఖ్యమంత్రి బొమ్మ. "మా తాత సంపాదించిన పొలం, మధ్యలో ఈయన ఫొటో ఏందండీ?" అన్నాడు. భూమి హక్కుల చట్టం గురించి గానీ, సర్వేరాళ్ల గురించి గానీ ఉపన్యాసం చెప్పలేదు. ఎవరికి ఓటేస్తాడో చెప్పలేదు, నేనడగలేదు. పుస్తకం సంచిలో పెట్టుకుని, మందు కట్ట తీసుకుని వెళ్లిపోయాడు. ఐదేళ్లు మేం గొంతులు పగిలేలా అరిచిన దానికంటే ఆ అట్ట ఎక్కువ పని చేసి ఉంటుంది. మిరపకోతలకొచ్చే ఒకామెనడిగితే, "పింఛను నాలుగు వేలిస్తారంట గదా" అని నవ్వింది, అవునో కాదో తేల్చలేదు. జులై ఒకటిన పాత బకాయిలతో కలిపి ఏడు వేలు చేతికొచ్చినప్పుడు కూడా అదే నవ్వు. ఇంతెందుకు, మా ఇంటావిడ ఎవరికేసిందో నాకు తెలియదు. "ఎవరికేశావే?" అంటే, "రహస్య ఓటంటగా, మీ పార్టీవాళ్లే చెప్పారు" అంటుంది. ముప్పై ఏళ్ల కాపురంలో నాకు దొరకని లెక్క అదొక్కటే. నా ఓటు ఎటో ఊరందరికీ తెలుసు, అందుకే నా ఇంటికి ఏ పార్టీవాడూ ఓటడగడానికి రాడు. వస్తే ఆమెను అడగడానికే వస్తాడు.

మమ్మల్ని గెలిపించేది వాళ్లు. గెలిచిన తర్వాత వీధిలో వీరంగం వేసేది మేము. ఓడిపోయిన ఆ నలుగురు మాత్రం ఊళ్లోనే ఉండాలి, లేదా ఊరొదలాలి. 2019 ఫలితాల తర్వాత దుర్గి మండలం ఆత్మకూరు నుంచి, ఇంకా చాలా పల్లెల నుంచి మావాళ్లు బయటికొచ్చేశారు. గుంటూరులో శిబిరం పెట్టి, సెప్టెంబరు 11న చలో ఆత్మకూరు అంటే చంద్రబాబును ఇంట్లోంచి కదలనివ్వలేదు. 2021 మున్సిపల్ ఎన్నికల్లో మాచర్లలో, పిడుగురాళ్లలో పోటీయే లేదు, అన్ని వార్డులూ ఏకగ్రీవం. దాన్ని మేం అరాచకం అన్నాం, అది నిజమే. 2024 తర్వాత ఊరొదిలే వంతు వాళ్లది. జులై 17న వినుకొండలో నడిరోడ్డు మీద, జనం చూస్తుండగా, ఒక కుర్రవాణ్ణి కత్తితో నరికి చంపారు. ఆ వీడియో నా ఫోనుకొచ్చినప్పుడు కొట్లో ఇద్దరు రైతులున్నారు. ఒకరిది సైకిలు, ఒకరిది ఫ్యాను. ఇద్దరూ ఒకేసారి, ఒకే గొంతుతో అడిగారు: "ఎవరివాడు?"

ఇది మాకే పట్టిన జబ్బు కాదని మొన్నటి అమెరికా ఎన్నికలతో కొంచెం ధైర్యమొచ్చింది. 2024 నవంబరులో ట్రంప్ గెలిస్తే పశ్చిమగోదావరి జిల్లా వడ్లూరులో బాణసంచా కాల్చారు. ఉపాధ్యక్షుడు వాన్స్ భార్య ఉషా పూర్వీకులది ఆ ఊరు. అటు తమిళనాట తులసేంద్రపురంలో కమలా హారిస్ కోసం గుళ్లో పూజలు చేసినవాళ్లు నీరుగారిపోయారు. వలసల మీద ట్రంప్ ఏమన్నాడు, సుంకాల మీద కమల ఏమంది, ఆ ఊళ్లలో ఎవరికి పట్టింది? ఒకడు మన అల్లుడు, ఒకామె మన ఆడపడుచు. వీసా భయంతో వణుకుతున్న మా మేనల్లుడు డల్లాస్ నుంచి ఫోను చేస్తే, "వాన్స్ మనోడేగదరా" అని ధైర్యం చెప్పిన పెద్దమనుషులు మా బంధువుల్లో ఉన్నారు.

2024 తొలకరికి ఒకతను కొట్టుకొచ్చాడు. మాచర్ల వైపు ఊరు, ఫ్యాను పార్టీ, నాకు పాత ఖాతాదారు. ఫలితాలొచ్చిన మర్నాటి నుంచి పేటలో బావమరిది ఇంట్లో ఉంటున్నాడు. పత్తి గింజలు కొన్నాడు గానీ వేసే దారి లేదు. పొలం ఊళ్లో ఉంది, తను ఇక్కడున్నాడు. వాన రెండు పదునులైంది. "అన్నా, మీవాళ్లకో మాట చెప్పరాదా" అన్నాడు, సంచి మూతి కట్టుకుంటూ. ఆ ఊళ్లో మావాడొకడికి ఫోను చేశాను. అంతా విని మావాడు అడిగింది ఒక్కటే: "బాబాయ్, ఆయన మనోడేనా?" కాదని వాడికీ తెలుసు. "నాకు లక్షా పాతిక వేలు బాకీ ఉన్నాడ్రా, పంట పండకపోతే నువ్వు కడతావా?" అన్నాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత, సరే రమ్మను, రచ్చబండ దగ్గర మాత్రం కూర్చోవద్దను, అన్నాడు. అతను వెళ్లాడు, పత్తి వేశాడు, రెండెకరాలు మిర్చి కూడా పెట్టాడు. వాళ్ల తమ్ముడి రేషన్ డీలర్‌షిప్ మాత్రం పోయింది. దానికి ఏ ఫోనూ పనిచెయ్యదు.

మిర్చి కోతకొచ్చేసరికి రేటు పడిపోయింది. 2025 ఫిబ్రవరిలో జగన్ గుంటూరు యార్డుకొచ్చి వెళ్లాడు. కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించింది, అది కోత కూళ్లకూ మందులకూ సరిపోదు. మార్చిలో అతను వచ్చి సగం బాకీ కట్టాడు. మిగతాది వచ్చే పంటకు రాయమన్నాడు. రాస్తున్నాను. ఊరుకోవచ్చుగదా, ఊరుకోడు.

"మా జగన్ ఉన్నప్పుడు ఇదే మిర్చి ఇరవై వేలు పలికిందన్నా."

"అది జగన్ పలికించాడా? చైనావాడు కొన్నాడు, పలికింది."

"మరి ఇప్పుడు రేటు పడింది మాత్రం?"

"చైనావాడు కొనలేదు."

"ఆ చైనావాడు మీ పార్టీ వాడా ఏందన్నా, ఎప్పుడూ మీకే సాయం వస్తాడు?" అన్నాడు. నేను బిల్లు రాయడంలో పడ్డాను.